1 నోట్రంప్ తర్వాత ఏమేం ఒప్పుకోవాలి: కొత్త జోడీకి పోలికలు, సలహాలు

బ్రిడ్జ్‌లో కొత్త పార్ట్‌నర్‌తో కూర్చోగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "నోట్రంప్ ఎంత సార్?" అని. "పదిహేను నుంచి పదిహేడు." అంటే తురుపు లేకుండా ఆడతానని వేలం మొదలుపెట్టడానికి చేతిలో ఉండాల్సిన పాయింట్లు (ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1). రెండోది, "స్టేమన్, ట్రాన్స్‌ఫర్లు ఉన్నాయి గదా?" "ఉన్నాయి." అంతే, ముక్కలు ఎత్తుకుంటారు. మూడో ప్రశ్న ఎవరూ అడగరు: ట్రాన్స్‌ఫర్ చేశాక నువ్వు చెప్పే రెండో బిడ్‌కి అర్థమేంటి? తిరుపతి టేబుళ్ల దగ్గర నేను చూసినంతలో జోడీలు దెబ్బతినేది అక్కడే. కన్వెన్షన్ (ముందే ఒప్పుకున్న ప్రత్యేక అర్థం ఉన్న బిడ్) పేరు ఇద్దరికీ తెలుసు. దాని కొనసాగింపు మాత్రం ఎవరికి వాళ్లు ఊహించుకున్నదే.

మా ఊళ్లో ఈ ఇబ్బందికి ఇంకో కారణం కూడా ఉంది. బ్రిడ్జ్ ఆడేవాళ్లం తక్కువ. యూనివర్సిటీలో రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, రేణిగుంట రైల్వేవాళ్లు, ఆదివారం పూట చిత్తూరు నుంచి వచ్చే ఒకరిద్దరు లాయర్లు, ఫోన్‌లో నేర్చుకుని కొత్తగా చేరిన ఇంజనీరింగ్ పిల్లలు. ఎవరు వస్తే వాళ్లతో జోడీ. ఒకాయన ఎప్పుడో ఉద్యోగం తొలిరోజుల్లో చెన్నైలో నేర్చుకుని ఉంటారు. ఎదురుగా కూర్చున్న కుర్రాడు బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్‌లో రోబోలతో ఆడి నేర్చుకుని ఉంటాడు. ఇద్దరూ స్టేమన్ అనే అంటారు, ఇద్దరి స్టేమనూ ఒకటి కాదు. అందుకే కింద ప్రతి ఒప్పందాన్నీ మూడు విషయాలు చూసి పోల్చాను: అలాంటి చేయి ఎంత తరచుగా వస్తుంది, దానికోసం ఏ సహజమైన బిడ్‌ని వదులుకుంటున్నాం, ఒకరు మరిచిపోతే ఎంత నష్టం.

తరచుగా అంటే ఎంతో ఒక లెక్క చూద్దాం. 15-17 పాయింట్లు ఉండే చేతులు దాదాపు పది శాతం. 4-3-3-3, 4-4-3-2, 5-3-3-2 అనే మూడు ఆకారాలూ (సూట్లవారీగా ముక్కల లెక్క) కలిపితే 48 శాతానికి కాస్త తక్కువ. రెండు షరతులూ కలిసేది సుమారుగా ఇరవై చేతుల్లో ఒకదానికి. మనకంటే ముందే ఎవరో ఓపెన్ చేసేసిన బోర్డులు తీసేస్తే, 24 బోర్డులు ఆడిన సాయంత్రం మీ జోడీకి ఈ ఓపెనింగ్ వచ్చేది సగటున ఒకటి రెండు సార్లు. అందులో అవతలి చేతిలో రెండు మేజర్లూ (స్పేడ్స్, హార్ట్స్) 5-4గా ఉండి, గేమ్‌కి (3 నోట్రంప్, 4 హార్ట్స్, 4 స్పేడ్స్ లాంటి బోనస్ వచ్చే కాంట్రాక్టుకి) సరిపడా పాయింట్లు కూడా ఉండాలంటే నెలలు పట్టొచ్చు. వారానికొకసారి ఆడేవాళ్లు నెలల తర్వాత వచ్చే బిడ్‌ని గుర్తుపెట్టుకోవడం కష్టం. పేరున్న ఆటగాళ్ల కార్డు చూసి ఒప్పందాలన్నీ దించుకునే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

రేంజ్ సంగతి

15-17 బలమైన నోట్రంప్, 12-14 బలహీన నోట్రంప్. రెండింటికీ మంచి ఆటగాళ్ల మద్దతు ఉంది. ఇంగ్లాండులో పుట్టిన ఎకాల్ పద్ధతిలో 12-14 సంప్రదాయం. అది తరచుగా వస్తుంది, ప్రత్యర్థుల దారి మూస్తుంది. కానీ డబుల్ (ప్రత్యర్థులు పందెం పెంచడం) పడితే ఎలా తప్పించుకోవాలో ముందే మాట్లాడుకోకపోతే వల్నరబుల్‌గా (ఓడితే జరిమానా ఎక్కువపడే స్థితిలో) ఉన్నప్పుడు 800 దాకా పోతుంది. పార్ట్‌నర్లు వారం వారం మారే చోట ఆ తప్పించుకునే బిడ్లు ఎవరూ మాట్లాడుకోరు. అందుకని మాలాంటి వాళ్లకి 15-17 మేలు. ఇక్కణ్నించి చెప్పేదంతా దాని మీదే. ఐదు ముక్కల మేజర్ ఉన్న 5-3-3-2 చేతిని నోట్రంప్‌తో ఓపెన్ చేస్తారా లేదా అన్నది కూడా అడిగి తెలుసుకోండి. నేను చేస్తాను.

స్టేమన్ ఉండాలి, ఏ స్టేమన్?

2 క్లబ్స్ చెప్పి నాలుగు ముక్కల మేజర్ ఉందా అని అడగడం. జార్జ్ రపే కనిపెట్టినదాన్ని 1945లో సామ్ స్టేమన్ పత్రికలో రాశారు, రాసినవారి పేరే నిలిచింది. దీనికోసం వదులుకునేది 2 క్లబ్స్‌లో ఆగిపోయే అవకాశం ఒక్కటే. దొరికేదేమిటో ఒక చేతిలో చూడండి.

మీ దగ్గర స్పేడ్స్‌లో రాజు, జాకీ, 7, 4. హార్ట్స్‌లో ఒంటరి 6. డైమండ్స్‌లో ఆసు, 9, 8, 5. క్లబ్స్‌లో రాణి, 10, 6, 3. పది పాయింట్లు. ఓపెనర్ దగ్గర స్పేడ్స్‌లో ఆసు, రాణి, 6, 2. హార్ట్స్‌లో ఆసు, 8, 5. డైమండ్స్‌లో రాజు, 7. క్లబ్స్‌లో రాజు, 9, 5, 2. పదహారు. నేరుగా 3 నోట్రంప్ చెబితే వాళ్లు హార్ట్స్‌తో మొదలుపెడతారు. ఆసుని మూడో రౌండ్ దాకా దాచినా మీకు చేతిలో ఉన్న ట్రిక్కులు ఏడే. క్లబ్స్ ఆసు వాళ్లకి ఇవ్వక తప్పదు, ఇచ్చినప్పుడు మిగిలిన హార్ట్స్ వాళ్లవే. నాలుగు హార్ట్స్, ఒక క్లబ్: ఒకటి తగ్గింది. అదే చేతులు 4 స్పేడ్స్‌లో ఉంటే డమ్మీలో (బల్ల మీద పరిచిన చేతిలో) రెండు హార్ట్స్ తురుపు కొట్టొచ్చు, పది ట్రిక్కులు కష్టం లేకుండా వస్తాయి. పాయింట్లు అవే 26. తేడా అంతా 4-4 తురుపుది.

కాబట్టి స్టేమన్ వద్దనే ప్రశ్నే లేదు. తేల్చుకోవాల్సింది అది బలహీనమైన చేతితోనూ చెప్పొచ్చా అన్నది. పాతవాళ్లలో చాలామందికి 2 క్లబ్స్ అంటే కనీసం ఎనిమిది పాయింట్లు. కొత్తవాళ్లు గార్బేజ్ స్టేమన్ ఆడతారు. స్పేడ్స్ జాకీ నుంచి నాలుగు, హార్ట్స్ రాణి నుంచి నాలుగు, డైమండ్స్ పది నుంచి ఐదు, క్లబ్స్ అసలు లేవు, మొత్తం మూడు పాయింట్లు ఉన్నాయనుకోండి. 1 నోట్రంప్ వదిలేస్తే వాళ్లు క్లబ్స్‌తో పిండేస్తారు. 2 క్లబ్స్ చెప్పి, ఓపెనర్ ఏది చెప్పినా పాస్. 2 డైమండ్స్ వచ్చినా మీకు ఐదున్నాయి. దీనికి గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు, ఓపెనర్ చేసేదీ మారదు. ఖర్చు లేని లాభం, తీసుకోండి.

దాని పక్కనే ఇంకో చీలిక ఉంది. 2 క్లబ్స్, 2 డైమండ్స్, తర్వాత 2 హార్ట్స్. ఒక వర్గానికి ఇది "నా దగ్గర రెండు మేజర్లూ ఉన్నాయి, బలం లేదు, నీకు నచ్చిన దాంట్లో ఆగు" అని. ఇంకో వర్గానికి ఐదు హార్ట్స్‌తో గేమ్‌కి ఆహ్వానం. అవతలివాళ్లు పాస్ చేయాల్సింది గేమ్‌కి పోవడం, గేమ్‌కి పోవాల్సింది పాస్ చేయడం, రెండూ చూశాను. నా ఓటు బలహీనమైన అర్థానికే. ఆహ్వానానికి ట్రాన్స్‌ఫర్ దారి ఉంది, బలహీనమైన 5-4 చేతికి వేరే దారి లేదు.

ట్రాన్స్‌ఫర్లు: అసలు బలం రెండో బిడ్‌లో

2 డైమండ్స్ అంటే హార్ట్స్, 2 హార్ట్స్ అంటే స్పేడ్స్. ఆస్వాల్డ్ జాకబీ 1956లో రాసిన వ్యాసంతో అమెరికాలో పాకింది. స్వీడన్‌లో ఒల్లే విల్నర్ అంతకు ముందే ఇలాంటిది రాశారు. ట్రాన్స్‌ఫర్ ఎందుకని అడిగితే చాలామంది "పెద్ద చేయి దాగి ఉంటుంది, లీడ్ దానికి ఎదురొస్తుంది" అంటారు. అది నిజమే. నా దృష్టిలో అంతకంటే పెద్ద లాభం, రెస్పాండర్‌కి (ఓపెనర్ పార్ట్‌నర్‌కి) రెండోసారి మాట్లాడే అవకాశం రావడం. సహజంగా 2 స్పేడ్స్ చెబితే అక్కడితో ఆట ఆగిపోతుంది, 3 స్పేడ్స్ చెబితే గేమ్‌కి పోవాల్సిందే. మధ్యలో ఉన్న చేతులన్నీ ఈ రెండింటిలో ఏదో ఒకదాంట్లో ఇరుక్కుంటాయి. ట్రాన్స్‌ఫర్ ఆ మధ్య చేతులకి చోటిచ్చింది. ఆ చోటుని ఎలా వాడాలో మాట్లాడుకోని జోడీ ట్రాన్స్‌ఫర్ నుంచి సగం లాభమే పొందుతుంది.

స్పేడ్స్‌నే తీసుకుందాం. మీరు 2 హార్ట్స్ అన్నారు, ఓపెనర్ 2 స్పేడ్స్ అన్నాడు. ఇప్పుడు పాస్ అంటే బలం లేదు. 2 నోట్రంప్ అంటే సరిగ్గా ఐదు స్పేడ్స్, ఎనిమిది తొమ్మిది పాయింట్లు, ఆహ్వానం. 3 స్పేడ్స్ అంటే అదే బలం, కానీ ఆరు ముక్కలు. 3 నోట్రంప్ అంటే గేమ్ ఖాయం, ఐదు స్పేడ్స్, రెండింట్లో నువ్వు ఎంచుకో. ఇక్కడ మూడు స్పేడ్స్ ఉన్న ఓపెనర్ చాలాసార్లు 4 స్పేడ్స్‌కి వెళ్లాలి, రెండుంటే ఊరుకోవాలి. కొత్తవాళ్లు 3 నోట్రంప్ వినగానే ఆట ముగిసిందని పాస్ చెప్పేస్తారు. ఈ ఒక్క విషయం తొలి రోజే నోటితో చెప్పి తీరాలి.

3 క్లబ్స్ లేదా 3 డైమండ్స్ అంటే రెండో సూట్ నిజంగా ఉంది, గేమ్ దాకా ఎవరూ ఆగకూడదు. 3 హార్ట్స్ అంటే రెండు మేజర్లూ ఐదేసి, గేమ్ ఫోర్సింగ్. ఇంతవరకు పెద్దగా తగాదా ఉండదు. తగాదా వచ్చేది హార్ట్స్ ట్రాన్స్‌ఫర్ తర్వాత: 2 డైమండ్స్, 2 హార్ట్స్, 2 స్పేడ్స్. కొందరికి ఇది గేమ్ ఫోర్సింగ్, కొందరికి ఆహ్వానం. ఆహ్వానం అనుకునే వాళ్లలోనూ కొందరికి 5-4, కొందరికి 5-5. మీరు స్మోలెన్ ఆడితే (దాని సంగతి కింద చెబుతాను) దీన్ని ఆహ్వానంగా పెట్టుకోండి. ఆడకపోతే ఒక రౌండు ఫోర్సింగ్‌గా ఉంచి, పెద్ద చేతులకీ వాడుకోండి. ఎలా ఉంచినా సరే, అర్థం ఒకటే ఉండాలి.

ఓపెనర్ వైపు చీలిక ఒకటే. నాలుగు ముక్కల మద్దతు, 17 పాయింట్లు ఉన్నప్పుడు 2 స్పేడ్స్‌కి బదులు 3 స్పేడ్స్‌కి దూకడం, సూపర్ యాక్సెప్ట్. కొందరు నాలుగు ముక్కలుంటే చాలు, 15తో కూడా దూకుతారు. తొమ్మిది తురుపులున్నప్పుడు మూడో మెట్టు దాకా పెద్ద ప్రమాదం లేదన్నది వాళ్ల వాదన. మ్యాచ్‌పాయింట్లలో (ప్రతి బోర్డుకీ మిగతా జోడీలతో పోల్చి మార్కులిచ్చే పోటీలో) ఆ వాదన నిలుస్తుంది. అయినా కొత్త జోడీకి నేను నాలుగు ముక్కలు ప్లస్ మంచి చేయి అనే చెబుతాను, ఎందుకంటే రెస్పాండర్‌కి దాని మీద గేమ్ చెప్పాలా వద్దా అన్నది తేలికవుతుంది.

ఇక అందరినీ ముంచే బిడ్: ట్రాన్స్‌ఫర్ తర్వాత 4 నోట్రంప్.

బైరాగిపట్టెడలో ఒక ఇంట్లో ఆడుతున్నాం. ఒక మాస్టారి దగ్గర స్పేడ్స్‌లో ఆసు, రాణి, 10, 7, 4. హార్ట్స్ ఆసు, 6. డైమండ్స్ రాజు, 9, 3. క్లబ్స్ రాజు, 8, 5. పదహారు పాయింట్లు. ఎదురుగా కుర్రాడు 1 నోట్రంప్ ఓపెన్ చేశాడు. మాస్టారు 2 హార్ట్స్ చెప్పి, 2 స్పేడ్స్ వచ్చాక 4 నోట్రంప్ అన్నారు. కుర్రాడి చెయ్యి బిడ్డింగ్ బాక్స్ దాకా వెళ్లి ఆగిపోయింది. పాస్ కార్డు మీద వేలు పెట్టాడు, తీశాడు, వెనక్కి జరిగి ఐదో మెట్టు కార్డు లాగాడు. ఆట 6 స్పేడ్స్‌కి పోయి ఒకటి తగ్గింది.

"నాలుగు నోట్రంప్ అంటే ఆసులు అడిగినట్టే గదా సార్?"

"అట్ల కాదు నాయనా. నీ దగ్గర ఎక్కువుంటే ఆరుకి పో, తక్కువుంటే పాస్ అని అడిగినా. పదిహేనే గదా నీకుండేది?"

ఇద్దరిదీ తప్పని చెప్పలేను. ఇద్దరూ నేర్చుకున్నది నిజంగా ఉన్న పద్ధతే. మాస్టారిది క్వాంటిటేటివ్, అంటే పాయింట్ల మీద అడిగే ప్రశ్న. చిన్న స్లామ్‌కి (పదమూడులో పన్నెండు ట్రిక్కులు) సుమారు 33 పాయింట్లు కావాలి, ఇక్కడ ఉన్నది 31. మాస్టారి వాడుకే మేలైనది, ఎందుకంటే నోట్రంప్ తర్వాత స్లామ్ ప్రశ్న ఎక్కువసార్లు "ఎన్ని పాయింట్లు" అనే ఉంటుంది, "ఎన్ని ఆసులు" అని కాదు. మరి ఆసులు అడగాలంటే? దానికే టెక్సాస్.

టెక్సాస్, దక్షిణాఫ్రికా టెక్సాస్, గెర్బర్

టెక్సాస్‌లో 4 డైమండ్స్ చెబితే ఓపెనర్ 4 హార్ట్స్, 4 హార్ట్స్ చెబితే 4 స్పేడ్స్. ఆరు ముక్కలున్న చేతికి. "రెండో మెట్టులో ట్రాన్స్‌ఫర్ చేసి నాలుగుకి పోతే సరిపోదా?" అని అడుగుతారు. గేమ్ చేరడానికి సరిపోతుంది. టెక్సాస్ అసలు ఉపయోగం అర్థాలను విడదీయడంలో ఉంది. టెక్సాస్ చేసి పాస్ చేస్తే గేమ్ చాలు. కింద ట్రాన్స్‌ఫర్ చేసి నాలుగుకి పోతే స్లామ్ మీద కాస్త ఆశ ఉంది. టెక్సాస్ చేసి 4 నోట్రంప్ అంటే ఆసులు అడగడం. కింద ట్రాన్స్‌ఫర్ చేసి 4 నోట్రంప్ అంటే పాయింట్లు అడగడం. పైన మాస్టారికీ కుర్రాడికీ మధ్య వచ్చిన గొడవ ఈ నాలుగు వాక్యాలతో తీరిపోతుంది. పైగా నాలుగో మెట్టుకి ఒకేసారి దూకడం వల్ల ప్రత్యర్థులకి మాట్లాడే చోటుండదు.

దీని ప్రమాదం కూడా చిన్నది కాదు. 4 హార్ట్స్ చెప్పినప్పుడు ఓపెనర్ మరిచిపోయి పాస్ అంటే, మీ ఒంటరి హార్ట్‌తో మీరే 4 హార్ట్స్ ఆడాల్సి వస్తుంది. అందుకే మరిచిపోయే అలవాటున్న పార్ట్‌నర్‌తో నేను దక్షిణాఫ్రికా టెక్సాస్ ఆడతాను: 4 క్లబ్స్ అంటే హార్ట్స్, 4 డైమండ్స్ అంటే స్పేడ్స్. 1 నోట్రంప్ మీద 4 క్లబ్స్‌ని మామూలు క్లబ్స్ అనుకుని పాస్ చేసేవాళ్లు అరుదు. 4 హార్ట్స్, 4 స్పేడ్స్ సహజంగానే ఉంటాయి.

దానికి వదులుకునేది గెర్బర్. హ్యూస్టన్‌కి చెందిన జాన్ గెర్బర్ 1938లో ప్రచారంలోకి తెచ్చిన 4 క్లబ్స్, ఆసులు అడగడానికి. మన పెద్దవాళ్లకి దాని మీద మమకారం ఎక్కువ, కొందరు నోట్రంప్ కనిపిస్తే చాలు 4 క్లబ్స్ అనేస్తారు. నోట్రంప్ ఎదుట నేరుగా ఆసులు లెక్కపెట్టి తేల్చగలిగే చేతులు చాలా తక్కువ. వరసగా ట్రిక్కులిచ్చే పొడవాటి సూట్ ఉన్నప్పుడు తప్ప దాని పని పడదు. పెద్దాయన గెర్బర్ వదలనంటే మామూలు టెక్సాస్ ఆడండి, వదులుతానంటే దక్షిణాఫ్రికా.

మైనర్ సూట్లు (క్లబ్స్, డైమండ్స్): ఇక్కడ ఎంపిక నిజంగా కష్టం

ఎంపిక ప్రధానంగా రెండు పద్ధతుల మధ్య. మొదటిది తేలిక: 2 స్పేడ్స్ చెబితే ఓపెనర్ తప్పనిసరిగా 3 క్లబ్స్ అంటాడు, మీరు పాస్ చేస్తారు లేదా 3 డైమండ్స్‌కి దిద్దుకుంటారు. పొడవాటి మైనర్‌తో బలంలేని చేతికి. 2 నోట్రంప్ మామూలు ఆహ్వానంగా మిగులుతుంది. రెండోది నాలుగు సూట్ల ట్రాన్స్‌ఫర్లు: 2 స్పేడ్స్ అంటే క్లబ్స్, 2 నోట్రంప్ అంటే డైమండ్స్. మధ్యలో ఒక మెట్టు మిగలడం దీని అందం. క్లబ్స్ చూపినప్పుడు ఓపెనర్ 2 నోట్రంప్ అనొచ్చు, 3 క్లబ్స్ అనొచ్చు.

ఆ మెట్టు విలువ ఈ చేతిలో తెలుస్తుంది. స్పేడ్స్ 7, 3. హార్ట్స్ 8, 2. డైమండ్స్ 9, 6, 4. క్లబ్స్ ఆసు, రాణి, 10, 7, 5, 3. ఆరు పాయింట్లు. ఓపెనర్ దగ్గర క్లబ్స్ రాజుతో మూడు ముక్కలుంటే ఆరు క్లబ్ ట్రిక్కులు వరసగా దొర్లుతాయి, పక్క సూట్లలో మూడు దొరికితే 22 పాయింట్లకే 3 నోట్రంప్ తయారు. క్లబ్స్‌లో రెండు చిన్న ముక్కలే ఉంటే 3 క్లబ్స్‌లో ఆగడమే క్షేమం. మొదటి పద్ధతిలో ఈ తేడా తెలిసే మార్గం లేదు. రెండో పద్ధతిలో ఓపెనర్ మధ్య మెట్టుతో "నాకు నచ్చింది" అంటాడు.

అయితే ఖర్చు చూడండి. 2 నోట్రంప్ ఇక ఆహ్వానం కాదు. మేజర్ లేకపోయినా తొమ్మిది పాయింట్ల చేతితో స్టేమన్ గుండా వెళ్లి 2 నోట్రంప్ చెప్పాలి. దాంతో ఓపెనర్ చేతిలో ఏ మేజర్ ఉందో ప్రత్యర్థులకి ఊరికే తెలిసిపోతుంది. 2 క్లబ్స్‌ని డబుల్ చేసి లీడ్ చూపించుకునే వీలు కూడా వాళ్లకి దొరుకుతుంది. తొమ్మిది పాయింట్ల సాదా చేతులు ఆరు క్లబ్స్ చేతుల కంటే ఎక్కువ వస్తాయి. ఇంకొకటి, మధ్య మెట్టు అంటే "నచ్చింది" అని కొందరు, "నచ్చలేదు" అని కొందరు ఆడతారు. అది తేల్చుకోకుండా నాలుగు సూట్లు ఆడటం కంటే అసలు ఆడకపోవడం మంచిది.

నా తీర్పు: ఒకే పార్ట్‌నర్‌తో క్రమం తప్పకుండా ఆడేవాళ్లు నాలుగు సూట్ల ట్రాన్స్‌ఫర్లు తీసుకోండి, మధ్య మెట్టుకి "నచ్చింది" అనే అర్థం పెట్టుకోండి. మిగతావాళ్లకి 2 స్పేడ్స్ తేలిక పద్ధతే చాలు. 2 స్పేడ్స్‌ని మైనర్ సూట్ స్టేమన్‌గా, అంటే రెండు మైనర్లూ ఉన్న స్లామ్ చేతికి వాడే పద్ధతి కూడా ఉంది. ఆ చేయి కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి.

స్మోలెన్, పప్పెట్

మైక్ స్మోలెన్ పేరుతో ఉన్నది నాకు చాలా ఇష్టమైన ఒప్పందం, అయినా అందరికీ సిఫారసు చేయను. స్పేడ్స్ నాలుగు, హార్ట్స్ ఐదు, పది పాయింట్లు. స్టేమన్ అడిగితే 2 డైమండ్స్ వచ్చింది. ఇప్పుడు 3 స్పేడ్స్ అనాలి, అంటే పొట్టి మేజర్‌కి దూకాలి. దాని అర్థం "స్పేడ్స్ నాలుగే, హార్ట్స్ ఐదున్నాయి". మూడు హార్ట్స్ ఉన్న ఓపెనర్ 4 హార్ట్స్ చెబుతాడు, పెద్ద చేయి డిక్లేరర్‌గా (ఆట ఆడే చేయిగా) నిలుస్తుంది. అందమైన బిడ్. కానీ ఒకరు మరిచిపోతే మూడు స్పేడ్స్ ఉన్న ఓపెనర్ మద్దతు ఉందనుకుని 4 స్పేడ్స్‌కి పోతాడు, 4-3 తురుపుతో తంటాలు పడాలి. ఆన్‌లైన్‌లో రోజూ ఆడే జోడీలు పెట్టుకోవచ్చు.

3 క్లబ్స్‌ని పప్పెట్ స్టేమన్‌గా వాడి ఐదు ముక్కల మేజర్ అడగడం, నోట్రంప్‌లో ఐదు మేజర్ దాచే అలవాటున్న జోడీలకి మాత్రమే పనికొస్తుంది. 2 నోట్రంప్ ఓపెనింగ్ మీద దాని అవసరం ఎక్కువ, అక్కడ ముందు నేర్చుకోండి.

ప్రత్యర్థి మధ్యలో దూరితే

ఇప్పటిదాకా చెప్పినదంతా ప్రత్యర్థులు నోరు మూసుకుని ఉంటేనే. ఈ రోజుల్లో వాళ్లు ఊరుకోరు. అందుకే పప్పెట్, స్మోలెన్ కంటే ముందు దీన్ని తేల్చుకోవాలి. మంచి జోడీలు కూడా ఈ వరస తలకిందులు చేస్తాయి.

వాళ్లు 1 నోట్రంప్‌ని డబుల్ చేసినా, 2 క్లబ్స్ చెప్పినా మన పద్ధతి యథాతథం, 2 క్లబ్స్ మీద డబుల్ అంటే స్టేమన్. ఇది అందరికీ సరిపోతుంది. మన ట్రాన్స్‌ఫర్‌ని డబుల్ చేస్తే, ఓపెనర్ మూడు ముక్కలుంటే ట్రాన్స్‌ఫర్ పూర్తిచేయాలి, రెండే ఉంటే పాస్. ఈ చిన్న ఒప్పందం చాలా పోటీ బోర్డులను కాపాడుతుంది.

వాళ్లు 2 డైమండ్స్, 2 హార్ట్స్ లేదా 2 స్పేడ్స్ చెబితేనే ఎంపిక. సాదా పద్ధతిలో రెండో మెట్టులో కొత్త సూట్ ఆగడానికి, మూడో మెట్టులో గేమ్ ఫోర్సింగ్, 2 నోట్రంప్ ఆహ్వానం. లెబెన్‌సోల్‌లో 2 నోట్రంప్ చెబితే ఓపెనర్ 3 క్లబ్స్ అనాలి. ఆ దారిలో బలంలేని పొడవాటి చేతులు మూడో మెట్టులో ఆగగలవు. వాళ్లు 2 స్పేడ్స్ చెప్పారు, మీ దగ్గర డైమండ్స్ రాజు, జాకీ, 10, 8, 6, 4 తప్ప ఏమీ లేవనుకోండి. సాదా పద్ధతిలో నోరు మూసుకోవాల్సిందే. లెబెన్‌సోల్‌లో 2 నోట్రంప్, 3 క్లబ్స్, 3 డైమండ్స్, అక్కడితో సరి. స్టాపర్ సంగతి కూడా తెలుస్తుంది: నేరుగా 3 నోట్రంప్ అంటే వాళ్ల సూట్‌లో అడ్డు లేదు, 2 నోట్రంప్ గుండా వచ్చిన 3 నోట్రంప్ అంటే అడ్డు ఉంది. దీన్ని తలకిందులుగా ఆడేవాళ్లూ ఉన్నారు, అడగండి. ఇక్కడ మరిచిపోయే భయం ఉన్నా లెబెన్‌సోల్ నేర్చుకోమనే చెబుతాను, ప్రత్యర్థులు దూరే బోర్డులు అంత తరచుగా వస్తాయి.

డబుల్ అర్థం దీనికంటే ముఖ్యం. పెద్దవాళ్లకి అది పెనాల్టీ (వాళ్లని ఓడిద్దాం), పిల్లలకి టేకౌట్ (నీ సూట్ చెప్పు). ఈ రెండూ కలిసిన టేబుల్ దగ్గర ఒక బోర్డు పోయిందంటే ఆ సాయంత్రమంతా మూడ్ పోతుంది. నేను టేకౌట్ వైపు. వాళ్ల సూట్ మన చేతిలో పొట్టిగా ఉండే సందర్భాలే ఎక్కువ, నాలుగు మంచి ముక్కలు పేర్చుకుని కూర్చునే సందర్భాలు తక్కువ.

ఎవరికి ఏది

ఆదివారం ఎవరితో దొరికితే వాళ్లతో ఆడేవాళ్లు: 15-17, గార్బేజ్ స్టేమన్, రెండు మేజర్ ట్రాన్స్‌ఫర్లు, 2 స్పేడ్స్ తేలిక పద్ధతి, ట్రాన్స్‌ఫర్ తర్వాత 4 నోట్రంప్ పాయింట్లకే. అంతకు మించి వద్దు. ముక్కలు పంచే ముందు ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాల్లో మూడు పంక్తులు రెండో బిడ్ల గురించే ఉండాలి: 3 నోట్రంప్ అంటే ఎంచుకో, 3 స్పేడ్స్ అంటే ఆరుతో ఆహ్వానం, 2 డైమండ్స్, 2 హార్ట్స్ తర్వాత 2 స్పేడ్స్ అంటే ఏంటి.

చెన్నై టోర్నమెంట్లకి కలిసి వెళ్లే స్థిరమైన జోడీ అయితే టెక్సాస్, లెబెన్‌సోల్ కలుపుకోండి, తర్వాత నాలుగు సూట్లు, చివర్లో స్మోలెన్. ఒక్కొక్కటి కలిపాక కనీసం కొన్ని వారాలు ఆడి గాని తర్వాతిది ముట్టుకోవద్దు. టీటీడీ డైరీలో ఒక పేజీ దీనికోసమే ఉంచుకున్న జోడీ నాకు తెలుసు. ఎడమవైపు బిడ్ల వరస, కుడివైపు అర్థం, ఎర్ర సిరాతో "ఇంకా మాట్లాడుకోవాలి" అని ఒక వరస. వాళ్లు బండిలో పోతూ చదివేది ఆ ఎర్ర సిరా వరసే. ప్రత్యర్థి అడిగినప్పుడు సూటిగా జవాబు చెప్పగలిగే జోడీ కూడా వాళ్లే. కన్వెన్షన్ ఆడితే ప్రత్యర్థులకి దాని అర్థం చెప్పడం మన బాధ్యత. టేబుల్ దగ్గర పార్ట్‌నర్ బిడ్‌ని మనం అలర్ట్ చేస్తాం (మామూలు అర్థం కాదని ప్రత్యర్థులకి తెలియజేస్తాం), ఆన్‌లైన్‌లో ఎవరి బిడ్‌ని వాళ్లే చేసుకుంటారు.

ఆన్‌లైన్‌లో తెలియని పార్ట్‌నర్ దొరికినప్పుడు చాట్‌లో ఈ నాలుగే అడగండి: నోట్రంప్ ఎంత, నాలుగు సూట్ల ట్రాన్స్‌ఫర్లా రెండా, టెక్సాస్ ఉందా, వాళ్లు దూరితే డబుల్ ఏంటి. మూడోదానికి జవాబు రాకపోతే ఆ రోజుకి టెక్సాస్ లేనట్టే అనుకుని, ఆరు స్పేడ్స్ ఉన్నా 2 హార్ట్స్‌తోనే మొదలుపెట్టండి.